రెండో శనివారం ఎక్కడికి?

కృష్ణకు అటు విజయవాడ, ఇటు గుంటూరు. మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఈ కాస్త నేల మీదే రెండు వేల ఏళ్ల నాటి స్తూపం ఉంది. కొండను తొలిచిన గుహల్లో ఒకే రాతిలో పవళించిన విష్ణువున్నాడు. కొంగలు కాపురం పెట్టే చెరువుంది. ఇన్ని ఉన్నా ఇక్కడి చాలా ఇళ్లలో సెలవొస్తే నిద్ర, డబ్బు చేరితే కాశ్మీరు. ఈ రెంటికీ నడుమ మరో మాట వినపడదు. నాకది బాధగా ఉంటుంది. ఆ బాధతోనే ఈ సంవాదం రాస్తున్నాను. అక్క గుంటూరులో హైస్కూలు సోషల్ టీచరు. తమ్ముడు విజయవాడలో బ్యాంకు ఉద్యోగి, తల్లి అతని దగ్గరే ఉంటుంది. మనుషులు కల్పితం, మాటలు మాత్రం ఎన్నో ఇళ్లలో విన్నవే. తమ్ముడి పక్షాన్ని పలచగా రాయలేదు. అతను చెప్పేదాంట్లో నిజం చాలా ఉంది.

అక్క: రెండో శనివారం మీ బ్యాంకుకీ సెలవే, మా బడికీ సెలవే. అందరం కలిసి అమరావతి పోదాం రా. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం ఎండ ముదిరేలోపు ఇంటికొచ్చేస్తాం.

తమ్ముడు: అమరావతిలో ఏముందక్కా? చిన్నప్పుడు నాన్న తీసుకెళ్లాడుగా. చూసేశాం.

అక్క: ఏం చూశావు? గుడి కింద కృష్ణలో దిగుతానని ఏడ్చి, ఆ ఏడుపుతోనే బస్సెక్కావు. స్తూపం వైపు ఎవరం పోలేదు.

తమ్ముడు: సరే, చూడలేదే అనుకో. నా సంగతి కూడా కాస్త ఆలోచించు. వారమంతా కౌంటరు ముందు జనం. పెన్షన్లు, బంగారం లోన్లు, కేవైసీలు. సెలవు రోజు కూడా నన్ను జనంలోకే తోస్తానంటావు. నాకు కావలసింది నిద్ర. ఇంకో సంగతి. ఈ చిన్న చిన్న తిరుగుళ్లకి డబ్బు కనపడకుండా పోతుంది. పెట్రోలు, టిఫిన్లు, పార్కింగు, ఐస్‌క్రీములు. అదంతా ఒకచోట వేసుకుంటే రెండు మూడేళ్లకి కాశ్మీరు చూసిరావచ్చు. పిల్లలకి మంచు జీవితాంతం గుర్తుంటుంది. ఉండవల్లి గుర్తుంటుందా?

అక్క: కాశ్మీరుకి నేను అడ్డు చెప్పను. మంచు చూడాలని నాకూ ఉంది. కానీ అలాంటి ప్రయాణంలో ఒక్క పూట కూడా పోకూడదని అందర్నీ చీకటితోనే లేపుతారు. పిల్లాడికి ఒళ్లు వెచ్చబడినా గుల్మార్గ్ ఎక్కాల్సిందే, డబ్బు కట్టేశాం కాబట్టి. దగ్గరి చోటుకి ఆ బెడద లేదు. విసుగొస్తే వెనక్కి తిరుగుతాం. సగమే చూసి వచ్చేస్తే మిగతా సగం ఎక్కడికీ పోదు, ఇంకో నెల చూస్తాం.

తమ్ముడు: అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఎప్పుడైనా వెళ్లొచ్చనుకునే చోటికి ఎవరూ ఎప్పుడూ వెళ్లరు. కాశ్మీరుకి టికెట్లు కొంటాం కాబట్టి వెళ్తాం. ఉండవల్లి ఊరికి ఆనుకునే ఉంది. అపార్ట్‌మెంట్లో అడుగు, ఎంతమంది మెట్లెక్కారో!

అక్క: అది నిజమే, కాదనను. అందుకే నేను ఎప్పుడైనా అనట్లేదు, రెండో శనివారం అంటున్నాను. ఆదివారమైతే అన్ని చోట్లా తోపులాట. రెండో శనివారం ప్రైవేటు ఆఫీసులు చాలావరకు నడుస్తుంటాయి కాబట్టి జనం పలచగా ఉంటారు. నెలకి ఆ ఒక్క పూటకి వేరే పని పెట్టుకోకు. మిగతా సెలవులన్నీ పడుకో, నిన్ను ఎవరూ లేపరు.

తమ్ముడు: నీకు చరిత్రంటే ఇష్టం, నువ్వు మైమరచి చూస్తావు. మా వాడు ఎనిమిదో తరగతి. పాత రాయి ముందు నిలబెడితే రెండు నిమిషాలు చూసి ఫోను తీస్తాడు. వాడికి కోపం, నాకు కోపం. కోపాలు మోసుకుని ఇంటికి రావడానికి అంత దూరం దేనికి?

అక్క: రాయి ముందు నిలబెట్టి పాఠం చెప్తే నేనైనా ఫోను తీస్తాను. పిల్లలకి పాఠం వద్దు, ఒక కథ తీగ అందిస్తే చాలు, వాళ్లే లాగుతారు. అమరావతికి ఆ తీగ ఉంది. రెండు వందల ఏళ్ల కిందట అక్కడొక పెద్ద మట్టిదిబ్బ ఉండేది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలేసి అమరావతిలో కొత్తగా ఊరు కట్టుకుంటూ రాళ్లకీ ఇటుకలకీ ఆ దిబ్బ తవ్వించాడు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. 1797లో కంపెనీ సైన్యాధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. తర్వాత చాలా ఏళ్లకి మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ పలకలు కొన్ని మద్రాసుకీ, అక్కణ్నుంచి కొన్ని లండన్‌కీ పోయాయి. ఇప్పుడు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన దగ్గర మిగిలింది గుండ్రటి దిబ్బ, చుట్టూ నిలబెట్టిన రాళ్లు, పక్కన ఒక మ్యూజియం. ఇదంతా వాడికి అక్కడ చెప్పకు, బస్సులో చెప్పు. దిగాక ఒక్కటే అడుగు: ఇక్కడ లేనివి ఎలా ఉండేవో ఉన్నవాటిని బట్టి చెప్పగలవా? స్తూపం ఎలా ఉండేదో ఆనాటి శిల్పులే పలకల మీద చెక్కి పెట్టారు. రాతి కంచె స్తంభాల మీద పద్మాలున్నాయి. వాడే వెతుక్కుంటాడు.

తమ్ముడు: నువ్వు చెప్తుంటే బాగానే ఉంది. నేను చెప్తే ఇలా రాదు.

అక్క: నీకు తెలియనక్కర్లేదు కూడా. ఇద్దరూ కలిసి వెతకండి. తండ్రికి తెలియనిది తను కనిపెట్టాడంటే పిల్లాడికి అంతకన్నా సంతోషం లేదు. మన బాబాయి మనవడు లండన్ నుంచి ఆ పలకల ఫొటోలు పంపలేదూ? అక్కడ చదువుకుంటున్న మనవాళ్లు ఎంతోమంది వాటి ముందు నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. ఆ రాళ్లు పుట్టిన చోటికి మన బస్టాండు నుంచి పల్లెవెలుగు పోతుంది. మనం ఎక్కం. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో చాలామంది ఆ ఊరు చూడకుండానే అమరావతి శిల్పకళ మీద నాలుగు మార్కుల జవాబు రాస్తారు. దిద్దేటప్పుడు నాకు మనసొప్పదు.

(వంటింట్లోంచి మరదలు వచ్చింది. ఇంతసేపూ ఆమె వింటూనే ఉంది.)

మరదలు: వదినా, నేనొక మాటంటే ఏమనుకోరుగా? వెళ్దామా వద్దా అని మీ అక్కాతమ్ముళ్లు తేల్చుకుంటున్నారు. వెళ్లేనాడు నాలుగింటికి లేచేదెవరు? పులిహోర కలిపేది, పెరుగన్నంలో తాలింపు వేసేది, అత్తయ్య మందులు సర్దేది, నీళ్ల సీసాలు నింపేది ఎవరు? అక్కడికెళ్లాక దుప్పటి పరిచి వడ్డించేది ఎవరు? సూర్యలంక బీచికి వెళ్లొచ్చిన మర్నాడంతా బట్టల్లో ఇసక దులుపుతూనే ఉన్నాను. అందరికీ అది సెలవు. నాకు మాత్రం చాకిరీ రెండింతలు.

తమ్ముడు: నేను చెప్తున్నదీ అదేగా!

మరదలు: మీరు చెప్తున్నది మీ నిద్ర సంగతి. నేను చెప్తున్నది నా సంగతి. రెండూ ఒకటి కాదు.

ఇక్కడ నేను కలగజేసుకోక తప్పదు. ఈ సంవాదంలో అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇదే. మన ఇళ్లలో చిన్న ప్రయాణాలు ఆగిపోయేది చూడదగ్గ చోట్లు లేక కాదు. ఒక మనిషి వంటింటిని బుట్టలో పెట్టుకుని మోయాల్సి వస్తుంది, ఆమె ఒకటి రెండుసార్లు మోసి ఆ తర్వాత తలనొప్పి అంటుంది. ఆ తలనొప్పి అబద్ధమైనా న్యాయమైనదే. విహారం గురించి రాసేవాళ్లం జలపాతాల గురించి పేజీలు నింపుతాం, ఈ బుట్ట గురించి రాయం.

అక్క: నువ్వన్నది ముమ్మాటికీ నిజమమ్మా. మా ఇంట్లోనూ అమ్మ అలాగే అరిగిపోయింది. కాబట్టి మొదటి షరతు, ఆ పూట ఎవరూ పొయ్యి వెలిగించకూడదు. ఏడింటికల్లా బయలుదేరదాం. దారిలో ఇడ్లీ తింటాం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి మెస్సు నుంచి భోజనం తెప్పించుకుంటాం. కూడా ఏదైనా ఉండాలంటే అరటిపళ్లు, మరమరాలు. అత్తగారి మందులు ఆవిడ కొడుకు సర్దుతాడు.

మరదలు: ఇంకొకటుంది వదినా. మగవాళ్లకి ఇది తట్టదు. వెళ్లిన చోట బాత్రూము ఉంటుందా? లేదని తెలిస్తే నేను పొద్దుట్నుంచీ నీళ్లు తాగను. దాహంతో ఎండలో నిలబడి ఏ శిల్పం చూడను?

అక్క: దాన్ని బట్టే చోటు ఎంచుకుందాం. టికెట్ పెట్టి నడిపే చోట్లు, మ్యూజియాలు, పెద్ద గుళ్లు, బస్టాండ్లు అయితే ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. అడవిలో సెలయేళ్లు, ఖాళీ బీచీలు మనకొద్దు. పైగా ఆ బీచీల్లో దిగి పిల్లలు కొట్టుకుపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. సూర్యలంకలోనైనా మోకాలి లోతు దాటనివ్వకూడదు. ఇక ఖర్చు మాటకొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్లకి ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. తమ్ముడికీ పిల్లాడికీ టికెట్ కొంటే ఇల్లంతా అమరావతిలో ఉంటుంది. పురావస్తు శాఖ వాళ్ల చోట్లలో పదిహేనేళ్లలోపు పిల్లలకి ప్రవేశం ఉచితం. దీనికీ కాశ్మీరు డబ్బుకీ పోటీ ఏముంది?

తమ్ముడు: బస్సులో అమ్మని ఎక్కించగలమా? మోకాళ్లు. అయినా అమ్మ ఎక్కడికీ రాదక్కా. అడిగిన ప్రతిసారీ మీరు వెళ్లి రండి, నేను ఇల్లు చూసుకుంటానంటుంది.

అక్క: నువ్వు ఎలా అడుగుతావు? “వస్తావా అమ్మా?” అంటావు. రానని కాక ఏమంటుంది? తను వస్తే మనం మెల్లగా నడవాలని, తన కోసం ఆగాలని తెలుసు. ముందు ఆవిడ నడవగలిగే చోటు వెతికి, ఆ తర్వాత మిగతావాళ్ల సంగతి చూడు. అమరావతి మ్యూజియం చదునుగా ఉంటుంది. మంగళగిరిలో కింది గుడికి మెట్ల బాధ లేదు, పానకాలస్వామి దగ్గరికి కొండ మీదికి బండి పోతుంది. పోసిన పానకంలో సగం స్వామి తాగి సగం మనకి వదులుతాడని నమ్మకం కదా, అది ఆవిడకి ఎంత ఇష్టమో నీకు తెలీదా? కింద పదకొండు అంతస్తుల గాలిగోపురం ఉంది. అమరావతి దిబ్బ తవ్వించిన వెంకటాద్రి నాయుడే దాన్నీ కట్టించాడు. ఒకచోట పడగొట్టిన చెయ్యే ఇంకోచోట నిలబెట్టింది. మీ వాడికి చెప్పు, వాడేమంటాడో నాకు వినాలనుంది.

తమ్ముడు: మరి ఉండవల్లి?

అక్క: ఉండవల్లిలో అమ్మ పైకెక్కలేదు. పవళించిన స్వామి పై అంతస్తులో ఉన్నాడు. మీరు ఎక్కండి, నేను ఆవిడతో కింద పచ్చికలో కూర్చుంటాను. కొండకెదురుగా పొలాలు కనపడతాయి. ఊరు మధ్యలో ఇరుక్కున్న అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండే మనిషికి అది తక్కువా? పెద్ద ప్రయాణాల్లో ముసలివాళ్లు ఇంటి దగ్గర మిగిలిపోతారు. వాళ్లని కూడా కలుపుకోగలిగేది ఈ చిన్న ప్రయాణాలే. ఆ మాట కోసమే ఇంత వాదిస్తున్నాను.

తమ్ముడు: నువ్వేదో మనకి అలవాటే లేనట్టు మాట్లాడుతున్నావు గానీ, కార్తీకంలో వనభోజనాలకి ఏటా వెళ్తున్నాం కదా. అమ్మ కూడా వస్తుంది.

అక్క: అది వనభోజనమా? మన కులసంఘం వాళ్లు తోట అద్దెకి తీసుకుంటారు. మైకులో నాయకుల ఉపన్యాసాలు, సన్మానాలు. కంచం పట్టుకుని వరసలో నిలబడి తినొస్తాం. ఎవరి కులానికి వాళ్లకి వేరే తోట. మన వీధిలో ఉసిరిచెట్టు కింద అన్ని ఇళ్ల ఆడవాళ్లూ గిన్నెలు తెచ్చి కలిపి పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఏ గిన్నె ఎవరిదో చివరకి తెలిసేది కాదు. చెట్టు కింద కూర్చుని తినడమంటే అదీ. ఇప్పటి తోటల్లో మనిషికి మనిషి దగ్గరవడం లేదు, ఓటుకి ఓటు లెక్కకొస్తోంది. నాకు ఇష్టం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నాను.

తమ్ముడు: అది నిజమే. కానీ ఎండ సంగతి చెప్పు. ఫిబ్రవరి దాటితే గుంటూరులో గడప దాటగలమా?

అక్క: దాటలేం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున్నే రెండు గంటలు, అంతే. లేదంటే నీడ పట్టున. విజయవాడలోనే బాపు మ్యూజియం ఉంది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలకి గాంధీ గారు వచ్చినప్పుడు పింగళి వెంకయ్య గారు ఆయనకి జాతీయ జెండా నమూనా చూపించింది ఈ ఊళ్లోనే. వెంకయ్య గారిది పక్క జిల్లాయే, బందరు దగ్గర భట్లపెనుమర్రు. వానలు పడ్డాక కృష్ణ మీది బ్యారేజీ. చలికాలం పక్షులు. ఏ కాలానికి ఆ చోటు.

తమ్ముడు: పక్షులంటే కొల్లేరు దాకా పోవాలి.

అక్క: గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉండగా కొల్లేరు దాకా ఎందుకురా? ఊరి చెరువు అది. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గుంపులుగా గూళ్లు కడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని తరమకుండా కాచుకున్నారు. ఆ చోటుకి ఒక్కసారి వెళ్తే ఫొటో తీసుకుని వచ్చేస్తాం. మళ్లీ మళ్లీ వెళ్తేనే అందులో అసలు సంగతి తెలుస్తుంది. చలికాలం మొదట్లో పుల్లలు మోసుకొచ్చి గూళ్లు కడుతుంటాయి. సంక్రాంతి వెళ్లాక చూస్తే పిల్లల గోల. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేప తీసుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లి పిల్లని మింగేస్తోందని భయపడతారు. వేసవి ముదిరేసరికి కొమ్మలు బోసిపోతాయి. మా బడి పిల్లలు కొందరు దారిలో సైకిళ్లు ఆపి ఏ కొమ్మ మీద ఎన్ని గూళ్లో పుస్తకంలో రాసుకుంటున్నారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు. దగ్గరుంది కాబట్టి, రోజూ చూస్తారు కాబట్టి రాసుకున్నారు. కాశ్మీరు ఎంత గొప్పదైనా ఈ పని చేయించలేదు.

తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట అతని వాదంలో చివరిది, లోపలిది కూడా.

తమ్ముడు: అక్కా, మా పెద్దమ్మాయి సంగతి చెప్పు. ఇంటర్ హాస్టల్లో ఉంది. ఆదివారాలు పరీక్షలు. నెలకో ఔటింగు ఇస్తారు. తను లేకుండా మనం అమరావతులూ ఉప్పలపాళ్లూ తిరిగితే నాకు మనసొప్పదు. ఔటింగు రోజు మేం చేయగలిగింది చేస్తున్నాం. దానికి ఇష్టమైనవి వండుకెళ్తాం, మాల్‌కి తీసుకెళ్లి సినిమా చూపిస్తాం, కావలసినవి కొనిస్తాం, చీకటి పడేలోపు దింపుతాం. అంతకన్నా ఏం చేయను?

అక్క: ఆ రోజు అది మీతో ఏం మాట్లాడుతుంది?

తమ్ముడు: ఏముంటాయి మాట్లాడటానికి? బాగానే ఉన్నానంటుంది.

మరదలు: సినిమాలో మూడు గంటలు చీకట్లో కూర్చుంటాం వదినా. తర్వాత తినడానికి లైను. దారిలో ఈయన మార్కులడుగుతారు. అది కిటికీలోంచి బయటికి చూస్తుంది. దింపి వచ్చేటప్పుడు నాకు ఏడుపొస్తుంది, ఎందుకో చెప్పలేను.

అక్క: మాల్‌లో తప్పేమీ లేదమ్మా. కానీ అక్కడ మన కళ్లన్నీ వస్తువుల మీద ఉంటాయి, లేకపోతే తెర మీద. బ్యారేజీ మీదకి తీసుకెళ్లండి. 1957లో కట్టింది, కిలోమీటరు దాటి పొడవు, డెబ్భై గేట్లు. పొద్దున్నే రద్దీ పెరగకముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వరదొచ్చి గేట్లెత్తితే ఆ హోరుకి మన మాట మనకే వినపడదు. వరద లేని రోజు నీళ్లు నిశ్చలంగా ఉంటాయి. బడిలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. పక్కన నడుస్తుంటే, మొహం చూడక్కర్లేకపోతే, అడగకుండానే చెప్తారు. నువ్వు మార్కులు అడగొద్దు. అసలు ఏమీ అడగొద్దు. గేట్లు లెక్కపెట్టు.

తమ్ముడు: నేను అడగకుండా ఉండలేననే అది మాట్లాడటం లేదంటావా?

అక్క: నేను అనలేదు. నువ్వే అన్నావు.

మరదలు: ఈసారి ఔటింగు ఏ రోజిస్తారో ఇంకా చెప్పలేదు. రెండో శనివారం పడితే అందరం కలిసి వెళ్లొచ్చు, అత్తయ్యతో సహా.

తమ్ముడు: పడితే బ్యారేజీ, ఉండవల్లి. పడకపోతే అమరావతి. కాశ్మీరు మాత్రం నేను మానను, ముందే చెప్తున్నా.

అక్క: మానమని ఎవరన్నారు? డబ్బు వేసుకుంటూనే ఉండు. కానీ బ్యారేజీ అని మనమే తేల్చేస్తే ఎలా? దాని ఔటింగు అది. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు ఎక్కడికి పోదామని దాన్నే అడుగు.

తమ్ముడు: మాల్‌కే అంటే?

అక్క: మాల్‌కే తీసుకెళ్లు. వచ్చే నెల మళ్లీ అడుగు.